నెలజీతము లేని బ్రతుకు: చెన్నపట్టణపు దుబాసీల చరిత్ర

లోకములో కష్టించి బ్రతుకువారు స్థూలముగా రెండు విధములు. నెల తిరిగినంతనే ఇంత సొమ్ము చేతికి వచ్చునని ముందుగా తెలిసినవాడు ఒకడు. తెచ్చుకొన్న పనిని బట్టియు, తీర్చిన పనిని బట్టియు, రాబట్టుకొన్న బాకీని బట్టియు బ్రతుకువాడు మరియొకడు. మొదటివానిని ఉద్యోగి యందుము. రెండవవానిని మన పెద్దలు స్వతంత్రవృత్తివాడనిరి. నేటి యువకులు అదే వృత్తిని ఫ్రీలాన్సరు పని యనియు, కన్సల్టెంటు పని యనియు చెప్పుకొనుచున్నారు. పేరు మాత్రమే క్రొత్తది.

తెలుగునాటికి వెలుపల తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములలో చాలవాటికి మూలపురుషులు ఇట్టి స్వతంత్రులే. షోలాపురమున మగ్గము వేసిన పద్మశాలి, బొంబాయిలో కట్టడపు పనులను గుత్తకు పట్టిన మేస్త్రీ, బరంపురమున పట్టు నేసిన దేవాంగుడు, వీరెవ్వరును నెలజీతమును నమ్ముకొని ఇల్లు విడిచినవారు కారు. వీరిలో చరిత్ర పుటలకెక్కినవారు చెన్నపట్టణపు దుబాసీలు. వారి వృత్తియే నేటి కన్సల్టెంటు వృత్తికి మిక్కిలి దగ్గరది.

ఈ వ్యాసకర్త మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, ముప్పదియైదేండ్లు గుమాస్తాగా పనిచేసి, ఇప్పుడు పింఛను పుచ్చుకొనుచున్నవాడు. స్వతంత్రవృత్తిని గూర్చి వ్రాయుటకు ఇతనికేమి అధికారమని చదువరులు అడుగవచ్చును. పరుల లెక్కలు వ్రాసినవానికి ఒక అలవాటు పట్టుబడును. జమ కంటబడినంతనే, దానికి ఎదురుగా ఖర్చు పద్దు ఎక్కడనున్నదని వెదకును. దుబాసీల సంపదను గూర్చిన కథలు చాల కలవు. ఆ సంపదకు వారు చెల్లించిన వెలను గూర్చి చెప్పినవారు తక్కువ. ఆ ఖర్చు పద్దును చదువరుల ముందుంచుటయే నా ఉద్దేశము.

దుబాసి యనగా ఎవరు?

ద్విభాషి యను సంస్కృత పదము హిందుస్తానీ నోట దుబాషీయై, మన నోట దుబాసి యైనది. రెండు భాషలు తెలిసినవాడని అర్థము. కాని ఒకరి మాట మరియొకరికి చెప్పుట ఆతని పనిలో అల్పభాగము మాత్రమే. 1639వ సంవత్సరమున దామెర్ల వేంకటాద్రి నాయకుడు ఇంగ్లీషు కంపెనీవాడగు ఫ్రాన్సిస్ డే కు సముద్రతీరమున కోట కట్టుకొనుటకు అనుమతి నిచ్చెను. నాయకుని తండ్రియగు చెన్నప్ప పేర చెన్నపట్టణము వెలసినది. ఆ తొలి దినములలో కంపెనీవారికి తోడ్పడినవారిలో బేరి తిమ్మన్న ముఖ్యుడు. పట్టణపు చెన్నకేశవస్వామి ఆలయ చరిత్రలో ఆతని పేరు నేటికిని వినబడుచున్నది.

ఇంగ్లీషువారికి ఈ దేశపు భాష తెలియదు, తూనికలు తెలియవు, నాణెముల మారకము తెలియదు. ఏ గ్రామమున ఏ నేతపనివాడు నమ్మదగినవాడో అంతకన్న తెలియదు. అవన్నియు తెలిసినవాడు దుబాసి. వరహాకు ఎన్ని పణములో, ఏ టంకసాల వరహా తక్కువ బరువు తూగునో, సుంకపు చావడి యొద్ద ఎవరితో మాటలాడవలెనో ఆతడే చెప్పవలెను. నేడు మనము సలహాదారుడు, దళారి, ఖజానాదారుడు, పూచీదారుడు అని నాలుగు పేర్లతో పిలుచువారి పనులన్నియు ఆతని ఒక్కని నెత్తిమీదనే యుండెను. ఆనాటి ఇంగ్లీషువారు తెలుగువారిని జెంటూలనిరి. పట్టణపు ప్రముఖ వర్తకులలోను, దుబాసీలలోను తెలుగువారి సంఖ్య హెచ్చుగా నుండుటచేత, కోట కాగితములలో ఈ మాట అడుగడుగునను కనబడును.

దుబాసీలలో రెండు తెగలుండిరి. కంపెనీ యొక్క వర్తకమును నడిపించువారు ఒక తెగ. ఒక్కొక్క ఇంగ్లీషు దొరను ఆశ్రయించి, ఆతని సొంత వ్యవహారములను చూచువారు రెండవ తెగ. సీమనుండి క్రొత్తగా దిగిన దొరబిడ్డకు కంపెనీ ఇచ్చు జీతము అత్యల్పము. వానికి ఇల్లు కుదిర్చి, నౌకరులను కుదిర్చి, అప్పిచ్చి, సొంత వ్యాపారమునకు పెట్టుబడి పెట్టి పెంచువాడు దుబాసి. ఆ దొర ముందుముందు గొప్ప పదవికి వచ్చినచో, పెట్టిన సొమ్ము వడ్డీతో మరలివచ్చును. దొర జ్వరము తగిలి చనిపోయినను, చెప్పకుండ ఓడ యెక్కినను, ఆ పద్దు కొట్టివేయుటకంటె చేయగలది లేదు.

లాభమా, పూచీకి వెలయా?

కంపెనీకి ఈ తీరమున కావలసిన ముఖ్యమైన సరుకు బట్ట. దానిని సంపాదించిన విధమును కొంచెము వివరముగా చెప్పవలెను, ఏలయన దుబాసి వర్తకుల బ్రతుకంతయు అందులోనే కలదు.

మొదట నమూనా తానులను చూపి, ఇంత పొడవు, ఇంత వెడల్పు, ఇంత సన్నము అని ఖరారు చేసుకొందురు. కంపెనీ కొంత సొమ్ము బయానాగా ఇచ్చును. వర్తకుడు దానికి తన సొమ్మో, అప్పు తెచ్చిన సొమ్మో కలిపి నేతపనివారికి ముందుగా ఇచ్చును. నేతపనివాడు నూలు కొనుటకును, బట్ట దిగువరకు ఇల్లు గడపుకొనుటకును ఆ ముందు సొమ్మే ఆధారము. బట్ట కోటకు చేరిన తరువాత కంపెనీవారు తానులను ఒక్కొక్కటిగా విప్పి నమూనాతో సరిచూతురు. నమూనాకు తగ్గిన దానికి ధర తగ్గింతురు. మరీ తగ్గినదానిని త్రోసివేయుదురు. చెన్నపట్టణమునకు ఆనాడు కట్టిన రేవు లేదు. అలలమీద మసూలా పడవలలో సరుకును ఓడలకు చేర్చవలెను. ఈశాన్యపు గాలి తిరిగినచో ఓడలు ఆ తీరమున నిలువజాలవు. కావున గడువు దాటిన బట్ట మరుసటి ఓడలకొరకు నెలల తరబడి గిడ్డంగిలో పడియుండును.

ఇప్పుడొక లెక్క చూతము. ఇది దృష్టాంతమునకు నేను కల్పించిన లెక్కయే కాని ఏ పుస్తకములోనిదియు కాదు. ఒక వర్తకుడు వెయ్యి వరహాల బట్ట కూర్చుటకు ఒప్పుకొనెను. కంపెనీ స్వీకరించిన బట్టమీద నూటికి మూడు వంతున ఆతనికి దస్తూరి. కంపెనీ బయానా 500 వరహాలు. నేతపనివారికి ముందుగా ఇయ్యవలసినది 800. తక్కువబడిన 300 వరహాలను నూటికి నెలకొక వరహా వడ్డీకి ఎనిమిది నెలలు తెచ్చెను. వడ్డీ 24 వరహాలు. బట్టలో ఇరువదవ వంతు, అనగా 50 వరహాల సరుకును కంపెనీ త్రోసివేసెను. దానిని బజారులో ముప్పాతిక ధరకు అమ్మగా పన్నెండున్నర వరహాల నష్టము. మిగిలిన 950 వరహాల బట్టమీద దస్తూరి ఇరువదియెనిమిదిన్నర. వడ్డీని, నష్టమును కలిపిన ముప్పదియారున్నర. వెయ్యి వరహాల వ్యాపారము చేసి, ఎనిమిది నెలలు తిరిగి, ఆ పెద్దమనిషి తన చేతినుండి ఎనిమిది వరహాలు పెట్టుకొనెను. ఒక్క తాను కూడ త్రోసివేయబడకుండిన యెడల ఆతనికి ఆరు వరహాలు మిగిలియుండును.

చూచువారికి మాత్రము ఆతని చేతులమీదుగా వెయ్యి వరహాలు తిరిగినట్లే కనబడును. వీథిలోనివారు ధనవంతుడందురు. స్వతంత్రవృత్తిని గూర్చి మనము గ్రహింపవలసిన మూలసూత్రమిదే. స్వతంత్రునికి జీతగానికన్న హెచ్చుగా వచ్చినట్లు కనబడు సొమ్ము పూర్తిగా లాభము కాదు. అందులో పెద్దభాగము ఇతరులు మోయనొల్లని పూచీని తాను మోసినందులకు వచ్చు వెల. ఆ వెలను వేరుగా దాచినవాడు నిలిచెను. లాభమనుకొని అనుభవించినవాడు మొదటి తుపానుకే మునిగెను.

కాశీ వీరన్న

ఈ వృత్తి ఎంత ఎత్తునకు పోగలదో తెలిసికొనుటకు కాశీ వీరన్న ఉదాహరణము. కోట కాగితములలో ఈతని పేరు కాసా వెరోనా యని వికృతముగా వ్రాయబడినది. పదునేడవ శతాబ్ది ఉత్తరార్ధమున కంపెనీకి ప్రధాన వర్తకుడుగా నుండి, తోడి వర్తకులను ఒక కూటమిగా చేర్చి, కంపెనీ బట్టల వ్యాపారమును చేత పట్టెను. గోలకొండ ప్రభుత్వమునుండి శాంథోమును గుత్తకు తీసికొనెను. గోలకొండవారి కొలువున ఆతనికి హసన్ ఖాన్ అను పేరు కూడ నుండెను. ఇంగ్లీషువారికి గోలకొండవారితో పని కలిగినపుడు వీరన్నయే వారధి. ఒక కొలువున ఒక పేరు, మరియొక కొలువున వేరొక పేరు పెట్టుకొని ఇరువురికిని కావలసినవాడుగా నిలుచుట ఎంతటి నేర్పో ఊహింపవచ్చును.

1680వ సంవత్సరము మార్చి నెలలో వీరన్న మరణించెను. గవర్నరుగా నుండిన స్ట్రెయిన్‌షం మాస్టరు ఆతని భార్యలలో ఒకామె సహగమనము చేయబోగా వారించెను. వీరన్న పోయిన వెంటనే కంపెనీవారు వర్తకమును ఎవరితో నడుపవలెనని ఆలోచనలో పడిరి. బేరి తిమ్మన్న తమ్ముడగు పెద్ద వేంకటాద్రి పేరు ముందునకు వచ్చెను. ఇచట గమనింపవలసినదేమనగా, వీరన్న స్థానము కాగితముమీది పదవికన్న ఆతని మాటయందును, ముఖపరిచయమందును, నమ్మకమందును నిలిచియుండెను. ఉద్యోగి చనిపోయినచో ఆ కుర్చీలో మరియొకడు కూర్చుండును. స్వతంత్రుడు చనిపోయినచో కుర్చీయే పోవును. ఆతని బాకీలు ఎవరియొద్ద ఎంత యున్నవో ఇంటివారికి తెలియనిచో, అవియు పోవును.

1688లో చెన్నపట్టణమునకు నగరపాలక సంఘము ఏర్పడినపుడు, ఆల్డర్మనులలో చిన్న వేంకటాద్రి, ముద్దు వీరన్న అను మనవారి పేర్లు కనబడును. నెలజీతము లేనివారికి ఆనాటి నగరము ఇచ్చిన గౌరవమది.

ఆశ్రయించిన దొర పోయినచో

ఈ వృత్తిలోని భయమును తెలిసికొనవలెనన్నచో, యానాము సోదరులకు పరిచితమైన ఫ్రెంచి కంపెనీ వైపు ఒకమారు చూడవలెను. పుదుచ్చేరిలో డూప్లే దొరకు దుబాసిగా నుండిన ఆనందరంగ పిళ్ళె (1709-1761) తమిళుడు. అయినను తెలుగు కవులను ఆదరించెను. కస్తూరి రంగకవి తన ఆనందరంగరాట్ఛందమను లక్షణగ్రంథమును ఆతని పేరనే వెలయించెను. పిళ్ళె 1736 మొదలు మరణమువరకు దినచర్య వ్రాసెను. దుబాసి బ్రతుకును లోపలినుండి చూపు వ్రాతలలో దానికి సాటి వచ్చునది నాకు కనబడలేదు.

1746లో అంతకుముందు దుబాసియగు కనకరాయ ముదలి మరణించిన తరువాత, ఆ స్థానము ఎవరిదో తేలకుండ చాలకాలము నడచెను. పని మాత్రము పిళ్ళె చేయుచుండెను. దొరసాని మరియొకరిని నిలుపగోరెను. ఎవరు దొరగారితో ఏమి చెప్పిరో, దొరగారి ముఖము నేడెట్లున్నదో ఆ దినచర్యలో మరల మరల వచ్చును. అంత సంపన్నుడు, అంత తెలివిగలవాడు, ఒకరి ముఖము చూచి తన దినమును లెక్కించుకొనవలసి వచ్చెను. 1754లో డూప్లే ఫ్రాన్సుకు మరలిపోయెను. రెండేండ్లలో పిళ్ళె పదవియు పోయెను. 1761 జనవరి 12వ తేదీన ఆతడు మరణించెను. నాలుగు దినములకు పుదుచ్చేరి ఇంగ్లీషువారి వశమయ్యెను.

చెన్నపట్టణమున ఇంతకన్న కఠినమైన ఉదాహరణము అవధానం పాపయ్య. ఈతడు హాలండు సోదరులకు దుబాసి. ఆ సోదరులలో ఒకరు గవర్నరుగాను, తరువాత రెండవవారు తాత్కాలికముగా ఆ స్థానమునను ఉండినపుడు పాపయ్య మాట పట్టణమున శాసనమని చెప్పుకొనిరి. సోదరులిరువురును 1790లో అధికారము విడిచిరి. డేవిడ్ హాలిబర్టన్ అను కంపెనీ అధికారిపై కుట్రతో నేరము మోపించెనని పాపయ్యపై అభియోగము వచ్చి, 1792లో విచారణ జరిగి, ఆతనికి జెయిలు శిక్షయు జుల్మానాయు పడెను. ఆంగ్ల నవలాకారుడు వాల్టర్ స్కాటు 1827లో వెలువడిన తన కథయొక దానిలో పాపయ్య పేరుతో ఒక పాత్రను కల్పించెను. చూళై పేటలో ఆతని పేర వీథి నేటికిని కలదు.

పాపయ్య నిర్దోషి యని నేను వాదింపను. కాని లెక్క వ్రాయువాని కంటికి ఒక్క సంగతి కనబడును. అధికారమును అనుభవించిన ప్రభువులు సముద్రము దాటిరి. వారి పేర నడచిన పనులకు సమాధానము చెప్పుకొనుటకు బోనులో నిలిచినవాడు దుబాసి. నోటిమాటపై ఒకరి పని చేసిపెట్టువానికి, ఆ ఒకరు లేనినాడు ఆధారముగా చూపుటకు ఏమియు నుండదు.

గుమాస్తా పుట్టుక

పదునెనిమిదవ శతాబ్ది ఉత్తరార్ధమున కంపెనీ వర్తకులను తప్పించి, తన జీతగాండ్రగు గుమాస్తాల ద్వారా నేతపనివారితో నేరుగా వ్యవహరించుట మొదలిడెను. మా గుమాస్తా జాతికి ఈ తీరమున మహర్దశ పట్టినది అప్పుడేయని చెప్పవచ్చును. వర్తకునికి పోవు లాభము మిగులునని కంపెనీ తలచెను. నేతపనివానికి మాత్రము మేలు కలుగలేదు. పూర్వము ఒక వర్తకుడు కాకున్న మరియొకని యొద్దకు పోవుటకు వీలుండెను. ఇప్పుడు కొనువాడును, అధికారము చెలాయించువాడును ఒక్కడే యయ్యెను.

దుబాసికి తెలిసిన విద్య మాత్రము క్రొత్త రూపమున నిలిచెను. 1801లో చెన్నపట్టణమున సుప్రీం కోర్టు ఏర్పడగా, రెండు భాషలు తెలిసినవారికి నెలజీతపు ఇంటర్‌ప్రిటరు పనులు లభించెను. సదరు అదాలతులో పనిచేసిన వెన్నెలకంటి సుబ్బారావుగారు (1784-1839) ఆంగ్లములో స్వీయచరిత్ర వ్రాసిరి. అది 1873లో అచ్చుపడెను. సుప్రీం కోర్టులో ముఖ్య ఇంటర్‌ప్రిటరుగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారిని తెలుగువారెరుగనివారు లేరు. వారు 1830 మే 18న పరివారముతో బయలుదేరి కాశీయాత్ర చేసి, 1831 సెప్టెంబరు 3న మరలి వచ్చిరి. మజిలీ మజిలీకి వారు వ్రాసిన వృత్తాంతము 1838లో గ్రంథమై వెలువడినది.

ఈ పదునైదు నెలల యాత్రను మనము సాధారణముగా భక్తికిని, సాహిత్యమునకును సంబంధించినదిగా చూతుము. ఉద్యోగధర్మము వైపునుండి చూచినచో ఇందులో మరియొక విశేషము కలదు. పదునైదు నెలలు ఊర లేకున్నను వారి స్థానము వారికొరకు నిలిచియుండెను. కాశీ వీరన్న పదునైదు నెలలు కాశీకి పోయియుండినచో, తిరిగి వచ్చుసరికి ఆతని వ్యాపారము ఎవరి చేతిలో నుండెడిదో చెప్పనక్కరలేదు. సెలవు అనునది జీతగానికి గల ఆస్తులలో గొప్పది. అది లేనివానికే దాని విలువ తెలియును.

స్వాతంత్ర్యమునకు గల ఫలము

ఇంతవరకు చదివినవారు, అట్లయిన నెలజీతమే మేలుకదా యని తలపవచ్చును. ఆ తీర్పు చెప్పుటకు ముందు గాజుల లక్ష్మీనరసు శెట్టిగారిని (1806-1868) స్మరింపవలెను. ఈయన దుబాసి కాడు. నీలిమందు, బట్టల వ్యాపారముచేత సంపన్నుడైన చెన్నపట్టణపు తెలుగు వర్తకుడు. 1844లో క్రెసెంటు అను ఆంగ్ల పత్రికను స్థాపించెను. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషను ఏర్పాటు చేసి, పన్నుల భారమును గూర్చియు, పన్ను రాబట్టుటకు రైతులను హింసించుటను గూర్చియు బ్రిటిషు పార్లమెంటుకు అర్జీ పంపించెను. డాన్‌బీ సీమూరు అను పార్లమెంటు సభ్యుడు ఈ రాష్ట్రమునకు వచ్చినపుడు, ఆయనను వెంటబెట్టుకొని జిల్లాలలో త్రిప్పి ఉన్నది ఉన్నట్లు చూపించెను. దాని ఫలముగా 1854లో హింసలపై విచారణ సంఘము ఏర్పడెను. 1855లో ఆ సంఘపు నివేదిక వెలువడి, రైతుల హింస నిజమేయని ప్రభుత్వమువారి కాగితములలోనే నమోదయ్యెను.

కంపెనీ జీతము తిను ఏ ఇంటర్‌ప్రిటరును ఈ పని చేయగలిగియుండడు. అర్జీ వ్రాసిన మరునాడే ఆతని పేరు జీతపు పట్టీనుండి పోయెడిది. లక్ష్మీనరసు శెట్టిగారిని తొలగించుటకు కంపెనీ చేతిలో ఉద్యోగము లేదు. ఆయన అన్నము ఆయనదే. కావుననే నోరు కూడ ఆయనదయ్యెను. దానికి వెలయు ఆయనే చెల్లించెను. సొంత సొమ్మును ప్రజాకార్యమునకు ధారపోసి, తుదకు కలిమి హరించిపోయిన స్థితిలో 1868లో కన్ను మూసెను. జమ, ఖర్చు రెండును ఈ ఒక్క జీవితములో పూర్తిగా కనబడుచున్నవి.

అట్లే, సంపాదించిన దానిని తన తరువాత నిలుపుకొనవలెనన్నచో ఎంత జాగ్రత్త కావలెనో పచ్చయప్ప ముదలియారు చరిత్ర తెలుపును. ఈయనయు దుబాసియే. 1794లో ధర్మకార్యములకు ఆస్తిని వ్రాసి మరణించెను. ఆ సొమ్ము న్యాయస్థానముల ద్వారా బయటపడి, ఆయన పేర పాఠశాల వెలయుటకు 1842 వరకు పట్టెను. వీలునామా యున్నందుననే అదియైనను జరిగెను. వ్రాత లేనివారి ధర్మములు ఎన్ని అడుగంటెనో ఎవరెరుగుదురు?

మన కాలమునకు

బెంగుళూరు, చెన్నై, పూనా, బొంబాయి నగరములలోని మన ఇండ్లలో ఇప్పుడు మరల దుబాసీలు పుట్టుచున్నారు. ఒకరు విదేశపు సంస్థలకు కంప్యూటరు పని ఒప్పుకొని ఇంటినుండి చేయుదురు. ఒకరు చిన్న కర్మాగారములకు లెక్కల సలహా చెప్పుదురు. ఒకరు భాషాంతరీకరణము చేయుదురు. పెండ్లి మాటలలో మాత్రము వీరికి చిక్కు. ఉద్యోగమేమి యని పెద్దలడుగుదురు. ఏ ఆఫీసు పేరు చెప్పకున్నచో, పని లేనివాడని తీర్మానింతురు.

మా బంధువర్గములోని ఒక యువకుడు ఒక విదేశపు సంస్థకు నాలుగు నెలలు పనిచేసి పెట్టెను. పని కుదిర్చిన అధికారి మంచివాడు. మాట కలుపుగోలుతనము చూచి ఈతడు ఒడంబడిక వ్రాయించుకొనలేదు. అధికారి ఆ సంస్థను విడిచిపోయెను. ఆతని స్థానమునకు వచ్చినవాడు ఈ పని నేను చెప్పినది కాదనెను. నాలుగు నెలల కష్టము సొమ్ముగా మారలేదు. ఈ సంగతి విన్నప్పుడు నాకు హాలండు సోదరులు ఎక్కిపోయిన ఓడ జ్ఞప్తికి వచ్చెను.

చరిత్రనుండి నేర్చుకొనదగినవి నాలుగు మాటలు చెప్పి ముగింతును. మొదటిది, ఎంత ఆప్తుడైనను పని, గడువు, సొమ్ము ఈ మూడింటిని వ్రాతలో పెట్టించుకొనవలెను. నమూనా తాను లేకుండ బట్ట నేయించిన వర్తకుడు లేడు. రెండవది, బయానా లేకుండ పని మొదలిడరాదు. పెద్ద పనిని భాగములుగా చేసి, ఒక భాగపు సొమ్ము అందిన తరువాత రెండవ భాగమునకు పోవలెను. మన దేశములోని కొనుగోలుదారుల విషయమున 2006వ సంవత్సరపు చిన్న పరిశ్రమల చట్టము ఒక అండ. ఆ చట్టము క్రింద నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలవారికి, సేవలు చేయువారికి సైతము, గరిష్ఠముగా 45 దినములలో బాకీ చెల్లింపవలెను. దాటినచో వడ్డీతో ఇయ్యవలెను. ఒంటరిగా పనిచేయువారును నమోదు చేసికొనవచ్చును. ఇది తెలిసినవారు మనలో కొలదిమందియే.

మూడవది, ఒక్క దొరనే నమ్ముకొనరాదు. ఇద్దరు ముగ్గురు ఆసాములు కలవానికి ఒకరు పోయినను ఇల్లు నడచును. నాలుగవది అన్నిటికన్న ముఖ్యము. వచ్చిన సొమ్ములో పూచీ వెల ఎంతయో లెక్క కట్టి దానిని వేరుగా నుంచవలెను. పని లేని నెలలకు ఒక భాగము, రోగమునకు ఒక భాగము, వార్ధక్యమునకు ఒక భాగము. నాకు పింఛను ప్రభుత్వ నియమముచేత వచ్చుచున్నది. స్వతంత్రుడు తన పింఛనును తానే నేసికొనవలెను. 2009 మే నెల మొదలుకొని జాతీయ పింఛను పథకములో ఉద్యోగులు కానివారును చేరుటకు వీలున్నది. ఈ లెక్కలన్నియు భార్యకో, తల్లిదండ్రులకో తెలిసియుండవలెను.

పెద్దలకు కూడ ఒక విన్నపము. వరుని జీతమెంతయని అడుగుటకు మారుగా, గడచిన మూడేండ్ల లెక్క చూపుమని అడుగుడు. ఒడంబడికలున్నవా, బాకీలు రాబట్టుకొనగలడా, కరవు నెలలకు దాచినాడా యని చూడుడు. మన సంఘములును ఈ విషయమున కొంత చేయవచ్చును. ఆనాటి వర్తకులు కూటమిగా చేరిరి కావుననే కంపెనీతో సమానముగా కూర్చుండి బేరమాడగలిగిరి. ఏ సంస్థ సకాలమున సొమ్ము చెల్లించునో, ఏ సంస్థ త్రిప్పించుకొనునో ఒకరి అనుభవము మరియొకరికి తెలుపుటకు సంఘమందిరములో నెలకొక సాయంకాలము చాలును. సభ్యుల ఇండ్లలో తాతముత్తాతల ఖాతా పుస్తకములు, ఖరారు పత్రములు ఏవైన మిగిలియున్నచో వానిని చెదల పాలు చేయక సంఘమునకు తెచ్చి చూపవలెనని కోరుచున్నాను. మన పూర్వులు పరదేశమున ఎట్లు బ్రతికిరో తెలుపు గ్రంథము వాటిలోనే కలదు.